పెద్దకొడుకు వాటాకొచ్చిన తుపాకి

మా ఇంట్లో తుపాకి అన్న మాట ఎవరూ ఎత్తరు. ఎత్తితే ఆ పూట మా ఆయనకు అన్నం సహించదు. టీవీలో పోలీసు సినిమా వస్తున్నా రిమోట్ అందుకుని చానల్ మార్చేస్తాడు. మా పెళ్లయి ముప్పై ఏళ్లు దాటింది. అందులో ఇరవై ఏళ్లకు పైగా నేను ఆ తుపాకితో కూడా కాపురం చేశాననే చెప్పాలి. అది ఏనాడూ మా గడప తొక్కలేదు, అది వేరే సంగతి.

మా మామగారిది వరంగల్ మార్కెట్‌లో మిర్చి వ్యాపారం. కొమురెల్లి సావుకారి అంటే యార్డులో తెలియనివాళ్లు లేరు. ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు రమాకాంత్, మా ఆయన. చదువు బాగా వస్తోందని పదేళ్లు నిండకముందే హాస్టల్లో వేశారు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాడు. చిన్నవాడు రాజమౌళి. పదో తరగతి తప్పి, తండ్రి పక్కన దుకాణంలో కూర్చుని వ్యాపారం నేర్చుకున్నాడు. పంపకాల రోజున పెద్దమనుషుల ముందు మామగారు రెండు ముక్కల్లో తేల్చేశారు. దుకాణం రాజమౌళికి, తుపాకి రమాకాంత్‌కి. ఇల్లు మాత్రం తాను ఉన్నన్నాళ్లు తనది, ఆ తరువాత ఇద్దరిదీ.

దుకాణానికి పెద్దమనుషులు నాలుగు లక్షల విలువ కట్టారు. తుపాకికి ఎవరూ ఏమీ కట్టలేదు. నెక్కొండ దగ్గరి ఒక దొర ఊరు వదిలి హైదరాబాద్ వెళ్లిపోతూ అమ్మిన పాత రెండు గొట్టాల తుపాకి అది. మార్కెట్ నుంచి డబ్బు పట్టుకొచ్చే మనిషి కాబట్టి మామగారికి లైసెన్సు దొరికింది. ఆయన దాన్ని ఒక్కసారైనా పేల్చారో లేదో అనుమానమే.

"నేను దీంతోని పిట్టలు కొట్టుకుంట బతకాల్నా?" అని మా ఆయన ఆ రోజు పంపకాల మధ్యలోంచి లేచి వచ్చేశాడు. ఆ తరువాత తండ్రితో మాట్లాడలేదు.

దుకాణం మీద ఆశ ఉందా అంటే, లేదు. ఆయన నెల జీతం మనిషి, మిర్చి బస్తా పక్కన రెండు నిమిషాలు నిలబడితే తుమ్ములు మొదలవుతాయి. ఆయన బాధ ఒక్కటే. పనికొచ్చే కొడుక్కి పనికొచ్చేది ఇచ్చాడు, లెక్కలోకి రాని కొడుక్కి లెక్కలోకి రానిది ఇచ్చాడు. బాపు కళ్లలో తన విలువ అంతేనని ఆయన నమ్మకం. ఈ మాట ఎన్ని రాత్రులు విన్నానో, ఎన్నిసార్లు విననట్టు అటు తిరిగి పడుకున్నానో. మామగారేమో ప్రతి దసరాకూ ఎవరో ఒకరితో కబురు పెట్టేవారు. "రమాకాంత్ తుపాకి తుడిచి నూనె పెట్టిన, వచ్చి తీస్కపొమ్మను" అని. మా ఆయనకు అది వెక్కిరింపులా వినిపించేది. ఏ దసరా కూడా మాకు పండగలా ఉండేది కాదు.

మామగారు నిరుడు పోయారు. మా ఆయన పెద్దకొడుకుగా తలకొరివి పెట్టాడు, చేయవలసినవన్నీ లోటు లేకుండా చేశాడు. కంట్లో చుక్క నీరు మాత్రం రాలేదు. అన్నదమ్ములు పక్కపక్కనే కూర్చుని పిండాలు పెట్టారు కానీ ఒకరితో ఒకరు పనిమాటలు తప్ప మాట్లాడుకోలేదు.

మొన్న ఠాణా నుంచి ఫోను వచ్చింది. లైసెన్సు ఉన్న మనిషి పోయాడు కాబట్టి వారసుడు తన పేరు మీద లైసెన్సు తీసుకోవాలి, లేదంటే తుపాకి అమ్ముకోవాలి. రాజమౌళి అప్పటికే దాన్ని హనుమకొండలో ఒక ఆయుధాల దుకాణంలో అప్పగించి ఉంచాడట.

"ఇనుప సామానోళ్లకు ఏసేయమను" అన్నాడు మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా.

"పాత పేపర్లకే కిలో ఎంతని అడిగి ఇస్తం. దీనికి ధర అడుగుతే మీ సొమ్మేం పోతది? నడువుండ్రి" అని నేనే బయలుదేరదీశాను.

దుకాణం నడిపే శశాంక్‌కి ముప్పై అయిదేళ్లుంటాయి. మా ఆయనను చూడగానే లేచి నిలబడ్డాడు. "సార్, ఇంటర్‌ల మీ స్టూడెంట్‌ని. కెమిస్ట్రీల పోయిన" అన్నాడు నవ్వుతూ. మేము ఎక్కడికి వెళ్లినా ఇదే తంతు. సగం ఊరు ఆయన దగ్గర కెమిస్ట్రీ పోగొట్టుకుంది.

శశాంక్ లోపలి నుంచి తుపాకి తెచ్చి బల్ల మీద గుడ్డ పరిచి పెట్టాడు. నేను దాన్ని దగ్గర నుంచి చూడడం అదే మొదలు. ఇనుము మీద పూలూ, తీగలూ, ఎగురుతున్న రెండు పక్షులూ చెక్కి ఉన్నాయి. ఇన్నేళ్లు నేను తిట్టుకున్నది ఇంత అందమైన వస్తువునా అనిపించింది.

"ఇంగ్లండ్‌ల చేత్తోని చేసింది సార్. నూరేండ్లు దాటింది" అన్నాడు శశాంక్. "ఇసొంటివి ఇప్పుడు బయటి దేశాలకెళ్లి తెచ్చుకోవస్తలేదు, గందుకే గింత గిరాకీ. ఎవరో గని మస్తు పైలంగ పెట్టిండ్రు. జర్రంత తుప్పు లేదు. ఫొటోలు పంపితే హైదరాబాద్‌ల ఇద్దరు అడుగుతాండ్రు."

"ఎంతొస్తది బాబు?" అని అడిగాను.

"ఇరవై రెండు లక్షలు ఇస్తమంటాండ్రు మేడం. జర ఆగితే ఇంకింత పెరగచ్చు."

నేను కుర్చీలో కూలబడ్డాను. మా ఆయన కూర్చోలేదు. తుపాకిని ముట్టుకోనూ లేదు. క్లాసులో వెనక బెంచీ కుర్రాణ్ణి అడిగినట్టు అడిగాడు. "మరి ఇరవై ఏండ్ల కింద ఎంతుంటుండె?"

శశాంక్ ఆలోచించాడు. "అప్పుడు మా బాపు చూస్తుండె సార్ దుకాణం. అయినా ఐదుకు తక్కువైతే ఉండది."

ఆటో ఎక్కాం. పంపకాల్లో మిర్చి దుకాణానికి కట్టిన విలువ నాలుగు లక్షలని నేను గుర్తు చేయనక్కర్లేదు. అదాలత్ కూడలి దాటుతుంటే మా ఆయన అన్నాడు.

"ముసలాయనకు తెల్వదు భారతీ. తెలుస్తే నాకిస్తడా? రాజమౌళికి ఇస్తుండె."

ఇదే మాట రెండు మూడుసార్లు అన్నాడు. వింటుంటే నాకు జాలేసింది. అరవై దాటిన మనిషి, బాపు నన్ను తక్కువ చేశాడన్న నమ్మకాన్ని చేతిలో ఇరవై రెండు లక్షలు పెడతామన్నా వదలడం లేదు. దాన్ని వదిలేస్తే ఇన్నేళ్ల అలుక ఏమైపోవాలి మరి?

"సగం వానికిస్త" అన్నాడు ఉన్నట్టుండి. "బాపు తెల్వక ఇచ్చింది నాకెందుకు? పుక్కట్ల వచ్చిన సొమ్ము నాకొద్దు."

ధర్మప్రభువు లేచాడు అనుకున్నాను మనసులో. అప్పటికప్పుడు ఆటోను వరంగల్ వైపు పొమ్మన్నాడు. కర్మలయ్యాక రాజమౌళి ఉంటున్న మామగారి ఇంటికి వెళ్లడం అదే మొదలు.

రాజమౌళి హాల్లో బనీనుతోనే కూర్చుని ఫోన్లో మిర్చి రేట్లు చూసుకుంటున్నాడు. మమ్మల్ని చూసి గాభరాగా లేచి చొక్కా వెతుక్కున్నాడు. "రాండ్రి వదినా, కూసోండ్రి. ప్రేమలతా, చాయ్ పెట్టు" అని భార్యకు కేకేశాడు. మా ఆయన నిలబడే ఉపన్యాసం చెప్పాడు. తుపాకి ఇంత పలికింది, బాపుకు దాని ధర తెలియదు, కనుక సగం నీది అని.

రాజమౌళి అన్నను వింతగా చూశాడు.

"బాపుకు తెల్వకపోవుడేందన్నా? పంపకాల ముంగట తుపాకి పట్టుకొని హైదరాబాద్ పొయ్యి ధర అడిగొచ్చిండు. ఆరు లక్షలన్నరట. నీకు చెప్పిండు గద."

"నాకెప్పుడు చెప్పిండు?"

"గా రోజే. అందరి ముంగట్నే, నీ చేతుల చెప్పిండు."

మా మామగారి తరం మిర్చి వ్యాపారులకు బేరం నోటితో ఉండేది కాదు. కొనేవాడూ అమ్మేవాడూ కండువా కప్పుకుని దాని కింద చేతులు కలిపేవాళ్లు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. చుట్టూ నిలబడ్డవాళ్లకు ముక్క తెలియదు. గిట్టకపోతే చెయ్యి గుంజుకుంటారు, బేరం అక్కడితో సరి. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మామగారు కూరగాయలమ్మి ముందు కూడా అలవాటుగా చెయ్యి చాపబోతే నవ్వు ఆపుకోలేకపోయాను.

మా ఆయన నెమ్మదిగా కుర్చీ చేయి పట్టుకుని కూర్చున్నాడు.

"కండువ కప్పి నా చెయ్యి పట్టిండు" అన్నాడు. "ఐదు వేళ్లు కలిపి గట్టిగ పట్టిండు. మళ్ల ఇడిశి, ఒక్క వేలు పట్టిండు, చిన్నప్పుడు జాతరకు తోల్కపోయినట్టు. బతిమాలుతాండనుకున్న."

"ఐదు, ఒకటి. ఆరన్నా."

"నేను గుంజుకున్న."

"గుంజుకున్నవ్. ఆరుకు నువ్వు ఒప్పుకోలేదనుకున్నడు బాపు." రాజమౌళి గొంతు తగ్గింది. "ఆడ మా మామ, ప్రేమలత వాళ్ల బాపు, కూసుండె. చిన్నోనికి నాలుగు, పెద్దోనికి ఆరు అని నోటితోని అంటే లొల్లి కాకపోవునా? గందుకే చేతుల చెప్పిండు. 'పెద్దోనికి రెండెక్కువే పెట్టిన, అయినా వానికి సాల్లేదు, ఇంక నా దగ్గర ఏమున్నదిరా' అని ఎన్నిమార్లన్నడో నాతోని. నాక్కూడ నీ మీద కోపమొచ్చింది. ఎక్కువిచ్చినా అన్నకు తృప్తి లేదని. గందుకే నీ ఇంటి దిక్కు రాలె."

నాకు ఒళ్లు మండిపోయింది. ముగ్గురు మగవాళ్లు, ముగ్గురికీ శుభ్రంగా నోళ్లున్నాయి. ఒకాయన లక్షల ఆస్తిని వేళ్లతో చెప్పి ఊరుకున్నాడు. మిర్చి వ్యాపారి కడుపున పుట్టి కూడా ఇంకొకాయనకు ఆ వేళ్ల మాట తెలియలేదు. మూడోవాడు తెలిసి కూడా మూతి ముడుచుకున్నాడు. ప్రతి దసరాకూ కబురు పెట్టిన మనిషి, అందులోనే దాని ధర ఇంత అని ఒక్క ముక్క కలిపితే ఏం పోయేది? పోయినవాళ్లను తిట్టకూడదంటారు, నేను తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన ఆ బేరాన్ని మూసేయలేదు. ఏటేటా దాన్ని తుడిచి, నూనె పెట్టి, పెద్దకొడుకు వస్తాడేమోనని చూశారు. అదే మేము వెక్కిరింపు అనుకున్నది.

"ఒప్పుకునేటోడు ఏం చేస్తడురా?" అని మా ఆయన తమ్ముణ్ణి అడిగాడు. తనకు రాని పాఠం అడుగుతున్నట్టే ఉంది ఆ గొంతు.

"ఏం చేసుడుండదన్నా. చెయ్యి ఆడనే ఉంచుతడు. గంతే."

మా ఆయన "బాపూ" అని పెద్దగా ఏడ్చాడు. పాడె ఎత్తిన రోజు ఏడవని మనిషి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ప్రేమలత చాయ్ కప్పులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. రాజమౌళి వచ్చి అన్న పక్కన నేల మీద కూర్చున్నాడు.

అంతలో మా ఆయన ఫోను మోగింది. శశాంక్. నేను ఎత్తాను.

"మేడం, పార్టీ లైన్ల ఉన్నడు. ఇరవై రెండుకు సరే అనాల్నా?"

రేపు చెప్తామని పెట్టేశాను. ఇరవై రెండుకు సరే అనడానికి శశాంక్ ఉన్నాడు, రేపు కాకపోతే ఎల్లుండి చెప్పవచ్చు. ఆరుకు సరే అని మా ఆయన ఇప్పుడు ఎవరికి చెప్పాలి?