ఈ పొట్ట ఎవరిది?

రెక్కల రంగు చూసి చిమ్మట జాతి చెప్పేయడమంటే చొక్కా చూసి మనిషి ఇంటిపేరు చెప్పడమే. మ్యూజియంలో పురుగుల శాఖలో పనిచేసే ఆమె ఈ మాట ఎంత గొంతు చించుకుని అరిచినా అక్కడ చెవిన పెట్టినవాడు లేడు. దీపం చుట్టూ తిరిగే ఆ బూడిదరంగు చిమ్మటలన్నీ పైకి ఒక్క అచ్చులో పోసినట్టుంటాయి. తేడా అంతా మగదాని తోక చివర, జతకట్టేటప్పుడు ఆడదాన్ని పట్టుకునే కొక్కేల్లో ఉంటుంది. పొట్ట ఊడదీసి, పొటాష్ నీళ్ళలో మరిగించి, లోపలి మెత్తనిదంతా కరిగాక మిగిలిన తోలును గాజుపలక మీద పరిస్తే తప్ప ఆ కొక్కేలు కంటికి ఆనవు.

ఆమె పరిచింది. ఒకదాని కొక్కేల కొస రెండుగా చీలి ఉంది. దాని చుట్టాల్లో ఎవరికీ అలా లేదు. కొత్త జాతి అని వ్యాసం రాసేసింది. ఆ జాతి మగది మ్యూజియం పాత పెట్టెల్లో ఆమె చేతికి దొరికింది అదొక్కటే.

వ్యాసం పంపాల్సిన రోజున, ఆ చిమ్మటను పెట్టెలో సర్దబోతుంటే పొట్ట లేని ఛాతీ అడుగున పసుపుపచ్చగా ఏదో మెరిసింది. జిగురు! అంటే ఆ పొట్ట ఒకసారి ఊడింది, ఎవరో అతికించారు. అది వేరేదాని పొట్టయితే కొత్త జాతీ లేదు, గాడిదగుడ్డూ లేదు.

అతికించిన చెయ్యి ఎవరిదో ఆమెకు తెలుసు. తనకు ముందు అదే గదిలో పనిచేసి రిటైరైన సొంత మేనమామ. ఫోన్ చేసింది.

“మామయ్యా, ఈ బూడిదరంగు మగదానికి పొట్ట నువ్వే అతికించావా?”

“అబ్బ, చెవులు పగిలేట్టు ఏంటే అది! ఓసారి పెట్టె చెయ్యిజారింది. మూడింటికి పొట్టలు ఊడాయి. దేనికి ఏది సరిపోతే అది పెట్టేశా.”

“సరిపోవడమేంటి? చెప్పుల జతా?”

“కళ్ళజోడు ఆరోజు ఇంట్లో మర్చిపోయానే తల్లీ.”

ఠక్కున పెట్టేసింది. ఇంకో మాట మాట్లాడితే బూతులొచ్చేలా ఉన్నాయి.

పక్క బల్ల దగ్గర అంతా విన్న శాఖాధిపతి లేచి వచ్చాడు. ఈ కొత్త జాతిని ఆయన మొదట్నుంచీ నమ్మలేదు.

“చెప్పానా? తల ఎవరిదో, తోక ఎవరిదో. ఆ వ్యాసం చింపి పారెయ్యమ్మా, పరువన్నా దక్కుతుంది.”

“చింపుతాను సార్. ముందు ఆ జిగురు కింద ఏముందో చూడనివ్వండి.”

“ఏముంటుంది, ఇంకాస్త జిగురుంటుంది.”

ఆమె మోచెయ్యి బల్లకు ఆనించి, గోరువెచ్చని నీళ్ళలో ముంచిన కుంచెతో తడిపింది. మళ్ళీ తడిపింది. పాతకాలపు జిగురు మెల్లగా కరిగి జారింది. దాని కింద, ఉంగరాల్లా ఉండే పొట్ట కట్లలో మొదటి కట్టు సగం ఇంకా ఛాతీనే అంటిపెట్టుకుని ఉంది. అంచు ఎలుక కొరికినట్టు చిరిగి ఉంది.

ఆమె గాజుపలక మీది తోలు వైపు చూసింది. దానికి మొదటి కట్టులో సగమే ఉంది. తాను ఊడదీసేటప్పుడు చిరిగిందనుకుని అప్పట్లో పట్టించుకోలేదు. రెండు అంచులనూ సూక్ష్మదర్శినిలో చూస్తూ, ఒకే కొలతలో పల్చటి కాగితాల మీద గీసింది. కాగితాలను ఒకదాని వైపు ఒకటి జరిపింది. ఇక్కడ పన్ను, అక్కడ గంటు. ఇక్కడ గంటు, అక్కడ పన్ను. సందు లేకుండా కూర్చున్నాయి.

“సార్…” అంటూ కాగితాలను ఆయన వైపు తిప్పింది.

ఆయన వంగి చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

“దీనిదే,” అన్నాడు. “అతికించిన సంగతీ, అంచు కలిసిన సంగతీ రెండూ రాసి పంపు. దాచకు.”

“దాచడానికి నేనేం చేశాను సార్?”

“నువ్వు చెయ్యలేదులే, మీ మామయ్య చేశాడు.”

ఆమె కుర్చీలో కూలబడింది. నవ్వు, ఏడుపు కలిసి వస్తుంటే ముక్కు ఎగబీలుస్తూ మళ్ళీ ఫోన్ చేసింది.

“దాని పొట్టే మామయ్యా!”

“మరి? నా చెయ్యంటే ఏమనుకున్నావు?”

“నీ మొహం! మిగతా రెండిటి మాటేంటి?”

అటునుంచి మామయ్య గొంతు తగ్గింది.

“వాటి మీద కూడా ఏమన్నా రాస్తున్నావేంటే?”

“లేదు.”

“హమ్మయ్య,” అన్నాడు మామయ్య.