వేపచెట్టు కింద రాగిజావ

హేమలత టీచరుకు ఆ ఏడాదంతా ఒకటే పోరు. పొద్దున ప్రార్థన కాగానే పిల్లలకు గ్లాసుల్లో రాగిజావ పోయిస్తుంది. ఆమె అటు తిరిగిందో లేదో, సగం గ్లాసులు బడి వెనక వేపచెట్టు మొదట్లో ఖాళీ అవుతాయి. ఇంటర్వెల్ గంట కొట్టగానే అదే పిల్లలు గేటు దాటి, ఎదురుగా ఉన్న సుబ్బలక్ష్మమ్మ దుకాణం మీద పడతారు. ఆరెంజి రంగునీళ్ళ ప్యాకెట్లు, కారం చల్లిన గొట్టాలు కొనుక్కుని, రంగు పట్టిన నాలుకలతో వచ్చి ఎక్కాలు అప్పజెబుతారు.

"ఏందిరా యశ్వంత్, జావ ఎందుకు పారబోసినావు?"

"బాగలేదు మేడం."

"ఆ రంగునీళ్ళు బాగుంటాయా?"

"చల్లగుంటాయి మేడం."

యశ్వంత్ నాలుగో తరగతి. పైగా సుబ్బలక్ష్మమ్మ మనవడే. వాడికేం చెప్పినా గోడకు చెప్పినట్టేనని హేమలత పళ్ళు నూరుకునేది.

ఆమె చెయ్యని పని లేదు. రాగుల బలం గురించి చార్టు గీసి గోడకు అంటించింది. తల్లులను పిలిపించి మాట్లాడింది. వాళ్ళు "మీరే నాలుగు తగిలించండి మేడం" అని చేతులు దులుపుకుని పోయారు. చివరికి ఇంటర్వెల్‌లో గేటుకు తాళం వేయించింది. మర్నాడే సుబ్బలక్ష్మమ్మ గంపతో గేటు దగ్గరికే వచ్చి, కమ్మీల సందుల్లోంచి ప్యాకెట్లు అందించడం మొదలుపెట్టింది.

"పెద్దమ్మా, నీ మనవడే తాగుతాండాడు ఆ విషం! నీకు బాధ అనిపించదా?" అని హేమలత గేటు ఇవతలి నుంచి అరిచింది.

"తాగకుంటే ఎండిపోతారు గదమ్మా పిల్లోళ్ళు" అంది ఆమె తాపీగా, చిల్లర కొంగున ముడేసుకుంటూ.

హెడ్మాస్టర్ ఎబినేజర్ సార్ మంచివాడే. కానీ ఎవరితోనూ గొడవ పెట్టుకోడు. "మన డ్యూటీ జావ పొయ్యడం మేడం. తాగేది తాగంది వాళ్ళిష్టం" అని గిద్దలూరు నుంచి తెచ్చుకున్న సీసా ఎత్తి రెండు గుక్కలు నీళ్ళు తాగి, మళ్ళీ రిపోర్టుల్లో తల దూర్చేవాడు.

మార్చి నెల ఎండలు అప్పుడే మాడ్చేస్తున్నాయి. ఒకరోజు గిద్దలూరులో బస్సెక్కే తొందరలో హేమలత సీసా మూత సరిగ్గా బిగించలేదు. బడికి వచ్చి చూసుకుంటే సంచి అడుగున దిద్దాల్సిన పేపర్లన్నీ తడిసి ముద్దయ్యాయి. సీసాలో చుక్క లేదు. ఆ కోపంలోనే రెండు పీరియడ్లు అరిచి అరిచి పాఠం చెప్పింది. గొంతు పిడచకట్టుకుపోయింది. ఎబినేజర్ సార్ ఆ రోజు మీటింగుకు పోయాడు. ఇక చేసేది లేక, బడి వెనక బోరు కుళాయి దగ్గరికి పోయి దోసిలి పట్టింది.

ఒక్క గుక్క నోట్లోకి పోయిందో లేదో ఊసేసింది. అవి నీళ్ళు కావు. ఉప్పు, చేదు, పైగా ఏదో తుప్పు వాసన. నాలుక మీద ఆ జిడ్డు ఎంత ఊసినా పోలేదు. ఈ బడిలో చేరినప్పటి నుంచి రోజూ ఇంటి నీళ్ళే తెచ్చుకునేది. ఇంట్లో టిఫిన్ తిని రావడంతో, జావ కూడా వాసన చూసి బాగుందని రిజిస్టరులో సంతకం పెట్టేదే తప్ప ఏనాడూ నోట పెట్టలేదు.

దాహం ఇంకా పెరిగింది. చుట్టూ చూసింది. గేటు తాళం తనే తీసి, రోడ్డు దాటి, సుబ్బలక్ష్మమ్మ దుకాణం ముందు నిలబడింది.

"నీళ్ళుంటే ఇయ్యి పెద్దమ్మా."

"క్యాను అయిపోయిందమ్మా, సాయంత్రం తెస్తారు. ఇదుండాది" అని ఆమె ఐసుపెట్టె తీసి ఆరెంజి ప్యాకెట్టు చేతిలో పెట్టింది.

హేమలత మూల కొరికి, కళ్ళు మూసుకుని గటగటా తాగింది. కళ్ళు తెరిచి వెనక్కి చూస్తే గేటు కమ్మీలకు బడి మొత్తం అతుక్కుని ఉంది.

"మేడం కూడా తాగుతాంది రోయ్!" అని యశ్వంత్ కేక పెట్టాడు.

సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. ఆ సిగ్గంతా కోపమై ముసలమ్మ మీదికి మళ్ళింది. "బడి నీళ్ళు ఇట్లుంటాయని నీకు తెలుసా?"

"ఊరందరికీ తెలుసు. ఇండ్లల్లో ఎవరు తాగుతారు ఆ నీళ్ళు? గంగయ్య నీళ్ళ ప్లాంటు క్యాన్లే."

"మరి తెలిసి కూడా నాకొక మాట చెప్పలేదేంది?"

"నువ్వు అడిగితివా తల్లీ? వచ్చిన కాడి నుంచి తిడతానే ఉంటివి."

హేమలత ప్యాకెట్టు డబ్బులిచ్చి బడి వైపు తిరిగింది. ఇన్నాళ్ళూ పిల్లలు బాగలేదంటే బాగలేదని ఎందుకనుకోలేదో తలుచుకుంటే తన మీద తనకే చిరాకేసింది.

శనివారం తల్లిదండ్రుల కమిటీ కూర్చుంది. గంగయ్య కూడా కమిటీ మనిషే. ఎబినేజర్ సార్ హాజరు గురించి మొదలుపెట్టబోతుంటే, హేమలత పళ్ళెంలో గ్లాసులు తెచ్చి అందరి ముందూ పెట్టింది. "ముందు నీళ్ళు తాగండి."

సార్ గ్లాసు అందుకుని, వాసన చూసి, మెల్లగా పక్కన పెట్టాడు. "ఇవన్నీ ఎందుకు మేడం..."

"తాగండి సార్. పిల్లలు రోజూ తాగుతాండారు గదా. వాళ్ళ జావ కూడా వీటితోనే కాస్తాండారు."

ఎవరూ కదల్లేదు. మనవడి తరఫున వచ్చిన సుబ్బలక్ష్మమ్మ మాత్రం గ్లాసెత్తి మొత్తం తాగేసింది. మొహం వికారంగా పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుని, గంగయ్య వైపు తిరిగింది.

"బెల్లమేసి కాసినా ఇది గొంతు దిగుతాదా గంగయ్యా? నీ ప్లాంటు బడికి ఎంత దూరం? నీ మనవరాలు కూడా ఈ బడేనాయె!"

గంగయ్య మీసం సర్దుకుని అటూ ఇటూ చూశాడు. అందరూ తన వైపే చూస్తున్నారు. "సరే, సోమవారం నుంచి క్యాన్లు పంపిస్తా" అన్నాడు గొణుగుతూ. జావకు కూడానా అని హేమలత అడిగింది. జావకు కూడా అన్నాడు. మధ్యాహ్నం అన్నానికీ పప్పుకూ అంటే మాత్రం అంత తన వల్ల కాదన్నాడు. ఆమె ఇంకా వాదించబోతే ఎబినేజర్ సార్ "మిగతాది పై ఆఫీసుకు నేను రాస్తా మేడం, ఈసారి నిజంగా రాస్తా" అని మాటిచ్చాడు.

సోమవారం వంటామె క్యాను నీళ్ళతో జావ కాచింది. హేమలత మొదటి గ్లాసు తనే తాగింది. తర్వాత పిల్లలకు పోసి, వేపచెట్టు దగ్గర కాపలా నిలబడింది. ఒక్కరూ రాలేదు. వెళ్ళి చూస్తే, అందరూ ఖాళీ గ్లాసులతో గిన్నె చుట్టూ మూగి ఉన్నారు. అడుగున గరిటె గీరుకుంటోంది.

"అయిపోయింది, పోండి" అని వంటామె కసురుతోంది.

"ఇంత కొంచెం కాస్తే ఎట్ల చాలుతాది?" అని హేమలత ఆమె మీద గయ్యిమంది.

"రోజూ కాసేంతే కాసినాను మేడం! పిల్లోళ్ళు పారబోస్తాండారు, తక్కువ కాయమని మీరే గదా చెప్పింది?"

ఇంటర్వెల్‌లో గేటుకు తాళం లేదు. పిల్లలు క్యాను దగ్గర వరుస కట్టి నీళ్ళు తాగారు. తాగి, మూతులు తుడుచుకుని, సగం మంది మళ్ళీ రోడ్డు దాటి కారం గొట్టాలు కొనుక్కున్నారు. రంగునీళ్ళు మాత్రం ఎవరూ అడగలేదు. హేమలత గేటు దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, ఆ గొట్టాల సంగతి ఏం చెయ్యాలా అని ఆలోచించసాగింది.