వాగు అవతలి ఇద్దరు

ఊరంతా లెక్కలమ్మ అని పిలిచే జనగణన గుమాస్తాకి, కాళ్ళరిగేలా తిరిగినా తొంభై ఎనిమిది మందే తేలారు. నూరు మంది లేకపోతే కొండ మీది ఆసుపత్రి ఎత్తేస్తామని జిల్లా కార్యాలయం కాగితం పంపి నెలయింది. మరో ఆసుపత్రి కావాలంటే రెండు కొండలు దిగాలి, మూడు గంటలు బస్సులో కుదుపులు తినాలి. ఇంట్లో వదినకి ఎనిమిదో నెల. పోయినసారి బిడ్డ దక్కలేదు.

మధ్యాహ్నం అన్నం దగ్గర ఆమె నోరు జారింది.

"ఇద్దరు తక్కువొచ్చారు అన్నయ్యా."

లెక్క ముగిసేదాకా ఎవరికీ చెప్పకూడదని మొదటి రోజే సంతకం పెట్టించుకున్నారు. ఇంట్లోవాళ్ళే కదా అనుకుంది పిచ్చి తల్లి. వదిన తినడం ఆపేసింది. అన్నయ్య ఫోన్ తీసుకుని బయటికి వెళ్ళాడు.

చెయ్యి కడుక్కుంటుంటే లెక్కలమ్మకి వాగు అవతలి ఇల్లు గుర్తొచ్చింది. అక్కడ ముసలి దంపతులుంటారు. ఆరేళ్ళ కిందటి వరదలో వాగు దారి మార్చుకుని ఆ ఇంటికి ఇవతలగా పారుతోంది. జిల్లాకి సరిహద్దు వాగేనని నిబంధన, అందుకే ఆమె ఆ ఇల్లు వదిలేసింది. ఆ నిబంధన రాసిన మహానుభావుడు వాగు కదలడం ఎన్నడూ చూసి ఉండడు.

మోకాలి లోతు నీళ్ళలో దాటి వెళ్ళింది.

"మిమ్మల్ని ఎవరైనా రాసుకున్నారా పెద్దమ్మా?"

"అవతలి జిల్లా గుమాస్తా వచ్చాడమ్మా. పాత పటం చూసి, మీరు మావాళ్ళు కారని తలుపు మీద అంకె కూడా వెయ్యకుండా పోయాడు. మేమెక్కడికీ కదల్లేదు. వాగే కదిలింది."

కార్యాలయానికి ఫోన్ చేస్తే, పాత పటమే చెల్లుతుంది, రాసుకో అన్నారు. లెక్కలమ్మకి ప్రాణం లేచొచ్చింది. సుద్దముక్కతో తలుపు మీద అంకె వేసి ఇద్దరి పేర్లూ ఎక్కించింది. సరిగ్గా నూరు.

తడి కాళ్ళతోనే ఇంటికి పరుగెత్తుతుంటే, బస్సు ఆగే చోట అన్నయ్యా వదినా కనిపించారు. పక్కన పరుపు చుట్ట, పొయ్యి, రెండు పెట్టెలు.

"నూరొచ్చింది వదినా. ఆసుపత్రి ఎక్కడికీ పోదు. ఇంటికి పదండి."

"మా ఇద్దరితో కలిపా?" అన్నాడు అన్నయ్య.

"అవును."

వదిన పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "పోయినసారి కూడా ఏం కాదనే అన్నారమ్మా. నాకు భయంగా ఉంది. నన్ను ఆపకు."

"నువ్వు చెప్పగానే మీ వదిన మేనమామకి ఫోన్ చేశాను. పనిలోకి రమ్మన్నాడు," అంటూ అన్నయ్య ఇంటి తాళం చెవి ఆమె చేతిలో పెట్టాడు. "ఇంక తిరిగి రాం."

లెక్క గడువుకి ఇంకా మూడు రోజులున్నాయి. ఈలోగా కాపురం ఎత్తేసినవాళ్ళ పేర్లు కొట్టేయాలి. ఆ నోరు మధ్యాహ్నమే మూసుకుని ఉంటే ఎంత బాగుండేదని లెక్కలమ్మ తనని తానే తిట్టుకుంది. వదిన మొహం చూస్తూ ఉండిపొమ్మనడానికి మాత్రం మనసు రాలేదు.

మలుపులో బస్సు హారన్ వినిపించింది. ఆమె సంచిలోంచి పుస్తకం తీసింది.

"ఏ ఊరో చెప్పు అన్నయ్యా," అంది. "రాసుకోవాలి."