కుండీలో సన్నవేర్లు

స్వర్ణలత చదువంతా వెంట్రుకంత సన్నటి వేర్ల గురించి. ఉప్పల్‌లోని ఒక పరిశోధనశాలలో ఆమె కొలువు. ఏడాది పొడవునా పచ్చగా ఉండే అడవిని చూసి జనం మురిసిపోతారు గానీ, నేల కింద సంగతి వేరు. అక్కడ సన్నవేర్లు కొన్నాళ్లు బతికి చస్తుంటాయి, వాటి చోట కొత్తవి పుడుతుంటాయి. పైన పటారం, లోన లొటారం అంటే ఆ అడవే.

ఏటా ఎన్ని వేర్లు పుడుతున్నాయో తెలుసుకోవడానికి, వేరన్నది లేకుండా జల్లించిన మట్టిని చుట్టుపక్కల చెట్ల వేర్లు లోపలికి చొచ్చుకొచ్చేలా వల సంచుల్లో నింపి పడమటి కనుమల అడవిలో పాతించింది. పాతినవాడు నాచారం రాజయ్య, ఆమెతో అడవులన్నీ తిరిగిన సహాయకుడు. ఆ పని ముగిసిన వారానికే అక్కడి క్యాంపులో జ్వరంతో పడ్డాడు. తగ్గిపోతుందని అందరూ అనుకున్న జ్వరం అతన్ని తీసుకుపోయింది.

వానలు వెళ్లాక సంచులు తవ్వి ఉప్పల్‌కు తెచ్చారు. వాటి నిండా తెల్లటి వేర్లు. అవన్నీ రాజయ్య పోయాక పుట్టినవే. ఆ మాట ఎవరు చేరవేశారో గానీ, అతని భార్య సారలమ్మ ల్యాబు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మేడం, మా ఆయిన పాతిన సంచులల్ల వేర్లొచ్చినయంట గద. జరన్ని ఇయ్యున్రి, కుండీల పెట్టుకుంట. ఆయిన చేతిది ఒక్కటన్న ఇంట్ల పచ్చగుంటది."

చెట్టు నుంచి తెగిన ఆ పోగులు మొలకెత్తవు. ఆ సంగతి చెప్పాలి. కానీ ఆ ముఖం చూశాక స్వర్ణలతకు నోరు రాలేదు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఈమె అబద్ధం కూడా ఆడలేదు, చిటికెడు వేర్లు తడిగుడ్డలో చుట్టి చేతిలో పెట్టింది. పైగా పుణ్యం చేశాననుకుంది.

నెల దాటేసరికి మనసు పీకడం మొదలుపెట్టింది. ఒక ఆదివారం నాచారం వెళ్లింది. ఫ్యాక్టరీ గోడ వెనక సందులో ఇల్లు, గడప పక్కన పసుపు పూసి బొట్టు పెట్టిన కొత్త కుండీ. మట్టి నల్లగా నాని కుళ్లువాసన వేస్తోంది. మొలక మాట దేవుడెరుగు, గడ్డిపోచైనా లేదు.

"టైం పడ్తదేమో అని సూస్తున్న మేడం. పొద్దుమాపు నీళ్లు వోస్తున్న," అన్నది సారలమ్మ చెంబుతో బయటికి వస్తూ.

ఇక దాచడం స్వర్ణలత వల్ల కాలేదు. "అది మొలవదు సారలమ్మగారూ. మీకిచ్చిన రోజే నాకు తెలుసు. బాధపడతారని చెప్పలేదు."

సారలమ్మ ఏడవలేదు. చెంబు చేతిలోనే పట్టుకుని కుండీ వంక చూసింది.

"ఆయిన క్యాంపుల పడ్డప్పుడు జరం తగ్గుతున్నది, ఫికర్ జెయ్యకున్రి, గంత దూరం రావద్దని మీరే ఫోన్ల జెప్పిన్రు గద మేడం," అన్నది. "అప్పుడు గూడ మీకు ఎరుకేనా?"

స్వర్ణలత వంగి కుండీ అంచుకంటిన మట్టిని వేలితో తుడిచింది. సారలమ్మ కొంచెం ఆగి చూసి, చెంబులో నీళ్లు కుండీలో పోసి లోపలికి వెళ్లిపోయింది.