కోసిన కట్టు

డాక్టర్ మేబెల్ పీజీ ఎంట్రన్సు మూడుసార్లు రాసింది. ప్రతిసారీ ర్యాంకు వచ్చింది కానీ, ఎముకల విభాగంలో సీటు తెచ్చేంత ర్యాంకు మాత్రం రాలేదు. సీతాఫల్‌మండిలో టీచరుగా పనిచేసే తల్లి ప్రేమమణి, "వచ్చినదాంట్లో చేరిపోవే. ఆడపిల్లవి, ఎముకలు లాగి సరిచెయ్యడం నీవల్ల అవుతుందా?" అనేది. మేబెల్ వినలేదు. సికింద్రాబాద్ స్టేషన్‌కి దగ్గర్లోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో, ఎముకల వార్డులోనే డ్యూటీ డాక్టరుగా చేరింది.

ఆ ఏడాది ఆ ఆస్పత్రికి స్పెషలిస్టు చదువుకి ఒకే ఒక్క సీటు వచ్చింది. అర్హత పరీక్ష పాసైనవాళ్లని ఆస్పత్రే ఇంటర్వ్యూ చేసి తీసుకునే రోజులవి. మేబెల్ అత్తెసరు మార్కులతో ఆ పరీక్ష గట్టెక్కింది. ఇంటర్వ్యూలో ముఖ్యుడు విభాగం పెద్ద డాక్టర్ కామరాజు. ఆయన తలుచుకుంటే సీటు వస్తుంది, కాదంటే లేదు.

ఇంటర్వ్యూ రేపనగా సాయంత్రం వార్డులో యాదగిరి కేకలు పెట్టడం మొదలుపెట్టాడు. అతను రెజిమెంటల్ బజార్‌లో హమాలీ. బస్తాల బండి ఒరిగి కాలు విరిగితే, ఆ పొద్దునే కామరాజు ఎముక సరిచేసి పిండికట్టు వేశారు.

"డాక్టరమ్మా, కాలు లోపల్నుంచి పగుల్తున్నట్టున్నది. జెర చూడున్రి," అన్నాడు.

మేబెల్ అతని కాలి బొటనవేలు మెల్లగా పైకి వంచింది. యాదగిరి మంచం కడ్డీ పట్టుకుని అరిచాడు. కట్టు లోపల కాలు వాచి, కండకి రక్తం అందడం లేదేమో! అదే నిజమైతే కాలు దక్కదు. వెంటనే కామరాజుకి ఫోన్ చేసింది.

"కట్టు వేసింది నేను. విప్పితే ఎముక జరిగిపోతుంది. ఇంజెక్షన్ ఇవ్వు, పొద్దున చూస్తా," అన్నారాయన.

"సార్, వేలు వంచితేనే..."

ఫోన్ పెట్టేశారు.

ఇంజెక్షన్ ఇచ్చింది. నొప్పి తగ్గలేదు, పెరిగింది. మళ్లీ ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు. రేపు ఆయన ముందే కూర్చోవాలి. ఊరికే ఉంటే ఎవరూ ఆమెని తప్పుపట్టరు, పెద్దాయన చెప్పినట్టే చేసిందంటారు. కానీ యాదగిరి ఇప్పుడు అరవడం మానేసి, దిండు కొరుకుతూ మూలుగుతున్నాడు.

"కత్తెర తెండి," అంది నర్సుతో.

కట్టుని పైనుంచి కిందిదాకా కోసి, లోపలి దూదిని కూడా చీల్చి, రెండు వైపులా విడదీసింది. కాసేపటికి యాదగిరి ఊపిరి నెమ్మదించింది. కానీ ఎక్స్‌రే తీయిస్తే ఎముక జరిగినట్టు తేలింది. కామరాజు చెప్పింది చెప్పినట్టే అయింది.

మర్నాడు ఇంటర్వ్యూ గది బయట కూర్చున్నవాళ్లందరివీ మేబెల్ కంటే మంచి మార్కులే. ఆమె పేరు చివర పిలిచారు. కామరాజు పక్కన, బయటి నుంచి పరీక్షకుడిగా వచ్చిన రిటైర్డ్ ప్రొఫెసర్ జ్ఞానశేఖర్ ఉన్నారు.

"మార్కులు మరీ తక్కువమ్మా," అన్నారు జ్ఞానశేఖర్.

"అవును సార్."

"నిన్న నా కట్టు కోసింది ఈవిడే," అన్నారు కామరాజు. ముఖం ఎర్రగా ఉంది. "వద్దన్నా వినలేదు. ఇప్పుడా పేషెంటుకి మళ్లీ మత్తిచ్చి ఎముక సరిచెయ్యాలి. నొప్పని ప్రతివాడూ అరుస్తాడు."

"ఒట్టి నొప్పే అయితే?" జ్ఞానశేఖర్ ఆమెని అడిగారు.

"ఒట్టి నొప్పే అయితే నాది తప్పే సార్. ఎముక మళ్లీ సరిచెయ్యొచ్చు. కాలు పోతే మళ్లీ తేలేం."

జ్ఞానశేఖర్ కుర్చీ వెనక్కి నెట్టి లేచారు. "పదండి, పేషెంటుని చూద్దాం."

ముగ్గురూ వార్డుకి వెళ్లారు. కామరాజు ముందుకు వెళ్లి తనే యాదగిరి కాలు పట్టుకున్నారు. వేళ్లు కదిపించారు. బొటనవేలికీ పక్కవేలికీ మధ్య చర్మం మీద పెన్ను మూతతో గీసి, "తెలుస్తోందా?" అని అడిగారు.

"లే సార్. గాడ ఇంక తిమ్మిరిగనే ఉన్నది. నిన్న మాపటికి పాదమంత గట్లనే ఉండె. కట్టు కోసినంకనే పాణం నిమ్మలమైంది."

ఆయన మళ్లీ గీశారు. యాదగిరి తల అడ్డంగా ఊపాడు. లోపలి నరం నలిగిందనడానికి అంతకంటే గుర్తు అక్కర్లేదు. కామరాజు చాలాసేపు ఆ పాదం వదల్లేదు. తర్వాత దుప్పటి కప్పి, ఎవరివైపూ చూడకుండా బయటికి నడిచారు.

మేబెల్‌ని మళ్లీ పిలిచేసరికి సాయంత్రమైంది. గదిలో కామరాజు ఒక్కరే ఉన్నారు.

"సీటు నీకిస్తున్నాం. మంచి మార్కులున్నవాళ్లని కాదని నీకిస్తున్నాం. అది మర్చిపోకు. ఈ మూడేళ్లూ చదువులో నిన్ను వదలను."

"సరే సార్."

"ఇంకోటి. నా మాట కాదని ఏదైనా చెయ్యాల్సొస్తే ముందు నాకు చెప్పు."

మేబెల్ తలుపు దగ్గర ఆగింది. చెప్పకుండా వెళ్లిపోదామనుకుంది. కానీ వెనక్కి తిరిగింది.

"చెప్పాను సార్. మీరు ఫోన్ పెట్టేశారు."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"పెట్టేశాను," అన్నారాయన చివరికి. "రేపు యాదగిరి ఎముక సరిచేస్తున్నాం. పొద్దున్నే వచ్చెయ్. కాలు నువ్వు లాగి పట్టుకోవాలి."