ఆవిడ టేపు

పొద్దున్నే షట్టరు ఎత్తడం, మిషనుకి నూనె చుక్క వెయ్యడం, బట్ట పరిచి కత్తెర పట్టడం. దర్జీ పని ముప్ఫై ఏళ్లుగా ఇంతే. కొలతలు తీసేది మాత్రం ఆయన భార్య. ఆవిడ పోయి ఏడాదైనా టేపు పని మానలేదు. ఎవరైనా చొక్కాకి వస్తే కొక్కెం మీంచి దానంతటదే దిగి, భుజాలూ ఛాతీ చుట్టొచ్చి, అంకె చూపించి ఆగేది. పోస్టుమాస్టరుకైతే చచ్చేన్ని చక్కిలిగింతలు. "అమ్మగారూ, నడుము దగ్గర కాస్త మెల్లగా!" అని బతిమాలుకునేవాడు.

ఊరందరినీ ముట్టుకునే టేపు దర్జీని మాత్రం ముట్టుకోలేదు. అదే ఆయన బెంగ. కొట్లో జనం లేనప్పుడు కొక్కెం కింద చేతులు చాపి నిలబడేవాడు.

"ఒక్కసారి కొలవవే," అనేవాడు. అది ఉలకదు, పలకదు.

ఆయన గుండె వాల్వు మార్చాలన్నారు డాక్టరు. వారంలో ఆపరేషను. ఈ మహానుభావుడి సొంత వైద్యం ఇంకొకటి: కడుపు ఖాళీగా ఉంచితే గుండెకి శ్రమ తగ్గుతుందట! అసలే ఉప్పు తగ్గించిన తిండి, పైగా ఎదురుగా కూర్చునే మనిషి లేదు. కూతురు పంపిన క్యారియరుతో వీధికుక్కలు నిగనిగలాడాయి.

"తిన్నావా నాన్నా?"

"శుభ్రంగా తిన్నానమ్మా."

ఆసుపత్రిలో ఎప్పుడు తూచినా అరవై రెండు కిలోలే. కూతురు నమ్మేసింది.

ఆపరేషను ముందు పరీక్షలకి తీసుకెళ్లడానికి కూతురు కొట్టుకి వచ్చిన రోజున, టేపు కొక్కెం దిగింది. దర్జీ జబ్బని చుట్టి గట్టిగా బిగిసింది. ఆయన కళ్లు మూసుకున్నాడు, ఏడాదికి తగిలిన చెయ్యి మరి. కూతురు మాత్రం అంకె చూసింది.

"ఎనిమిదంగుళాలా! నీకెప్పుడూ పది కదా నాన్నా?"

టేపు ఊడిరాలేదు. అలాగే ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరు అంకె చూశారు, వేలితో ఆయన పాదం నొక్కి గుంట పడటం చూశారు.

"కండ తరిగినంతా నీరు చేరింది. అందుకే తూకం మారలేదు. ఈ ఒంటితో కోస్తే గాయం మానడం కష్టం, మనిషి దక్కడమూ కష్టమే. గుండె కూడా కండేనండీ, దానికీ తిండి కావాలి. నీరు తీద్దాం, మీరు తినండి. జబ్బ తొమ్మిదంగుళాలైతే అప్పుడు ఆపరేషను సంగతి చూద్దాం."

ఆ రోజునుంచి ఒంటిగంటకి ఆయన తినడం, తిన్నాక టేపు వచ్చి జబ్బ చుట్టడం. ఆ స్పర్శ కోసమే మెతుకు మిగల్చకుండా తినేవాడు. అంకె ఎనిమిదిన్నర దాటాక ఆయనకి భయం పట్టుకుంది. తొమ్మిదైతే ఇది ఇంకెందుకు వస్తుంది?

ఆ మధ్యాహ్నం క్యారియరు మూత తియ్యలేదు. టేపూ కదల్లేదు. మూడైంది, నాలుగైంది.

"నీ మొండితనం చచ్చినా పోలేదే!" అని తిట్టి, ఏడుస్తూనే ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడు వచ్చింది.

మూడో నెలలో తొమ్మిదైంది. ఆపరేషను జరిగింది, గాయం చక్కగా మానింది.

దర్జీ మళ్లీ కొట్టు తెరిచిన రోజు మొదట వచ్చింది పోస్టుమాస్టరే. నవ్వు ఆపుకుంటూ చేతులెత్తి నిలబడ్డాడు. టేపు కొక్కేనికే వేలాడుతోంది. ఇద్దరూ చాలాసేపు చూశారు. చివరికి దర్జీయే లేచి దాన్ని చేతిలోకి తీసుకుని, ముప్ఫై ఏళ్లలో మొదటిసారి తనే కొలత తీశాడు.

పోస్టుమాస్టరు వెళ్లాక టేపుని మెళ్లో వేసుకున్నాడు, ఆవిడ వేసుకున్నట్టే. ఒంటిగంటైంది. క్యారియరు మూత తీసి, ఒక్కడే కూర్చుని, కడుపునిండా తిన్నాడు.