ఎవరి గల్తీ

దాలమ్మ జారిపోయిన వాయిలు బట్ట తానును మోకాళ్ల మీదికి లాక్కుని, అంచులు కలిపి, మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది. వలస వచ్చిన ఈ హిందీ ఊళ్లో, పండరీ బజారులోని ఆ టోకు బట్టల కొట్టులో ఇరవై ఆరేళ్లుగా ఆమె పని ఇదే. బేరగాళ్లు విప్పి పడేసిన తానులన్నీ చుట్టి అరల్లోకి ఎక్కించాలి. బట్ట రాసుకుని రాసుకుని వేళ్ల చివర్లు నున్నబడి, గీతలు అరిగిపోయాయి.

పక్కన మూట మీద కొడుకు సత్తిరాజు కూర్చున్నాడు. నలభై రెండేళ్లు. జుట్టు ముప్పావు వంతు నెరిసింది, తుంటి కీలు అరిగి కుంటుతున్నాడు. చిన్న కళ్లు, గీత గీసినట్టు సన్నటి పైపెదవి. కొత్తవాళ్లు వాళ్లిద్దరినీ అక్కాతమ్ముళ్లనుకుంటారు.

“అమ్మా, ఎక్కడికెల్తన్నాం?” అన్నాడు. పొద్దుట్నించీ అది ఏడోసారి.

“మందిర్ హసౌద్. సెప్పినాను కదేటి!”

గొంతు కాస్త పెరిగిందో లేదో, అతను మోచేతిని మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె చెయ్యి ఎత్తనేలేదు. కొట్లో పనివాళ్లు చూశారేమోనని దాలమ్మ తల దించుకుంది.

పోయిన నెల ఓ పొద్దున ఆమె ఇంట్లో కళ్లు తిరిగి పడిపోయింది. మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. సత్తిరాజు పక్కనే కూర్చుని ఈగలు తోలుతున్నాడు. ఎవరినైనా పిలవాలని అతనికి తోచలేదు. తను పోతే ఇలాగే కూర్చుని ఉంటాడని ఆ రోజు తెలిసింది. అందుకే మతి ఎదగని పెద్దవాళ్లను చేర్చుకునే ఇల్లు ఎక్కడుందో వాకబు చేసింది. మందిర్ హసౌద్‌లో ఒకటుందన్నారు.

ఒంటిగంటకి సేఠ్ దగ్గర సెలవు తీసుకుని, కొడుకుని వెంటబెట్టుకుని బస్సెక్కింది.

దారి పొడుగునా జవాబులు మనసులో వల్లించుకుంది. ఆస్పత్రుల్లో ఎవరు ఏమడిగినా హిందీలో “నహీ” అనడం అలవాటే. జ్వరమొచ్చి ఇలా అయ్యాడనేది. పన్నెండేళ్ల కిందట భర్త జోగయ్య పోయాక, తండ్రి దెబ్బలకే వీడి మతి చెడిందని ఇరుగుపొరుగు అన్నారు. ఆమె కాదనలేదు. చచ్చినవాడి మీద వేసి ఊరుకుంది.

ఆ ఇంట్లో కాగితాలు రాసుకునే ఉమారాణి, కొడుకుతో ఆమె మాట విని, తెలుగులో పలకరించింది. “మాదీ విజీనారమే పెద్దమ్మా. నాన్నది రైల్వే.”

దాలమ్మ వల్లించుకున్నదంతా హిందీ.

ఒకటొకటే అడుగుతూ, సత్తిరాజు మొహం పరీక్షగా చూసి, ఉమారాణి కలం ఆపింది. “ఇతను కడుపులో ఉన్నప్పుడు మీరు మందు తాగేవారా? తప్పు పట్టడానిక్కాదు. కారణం తెలిస్తే దాన్నిబట్టి చూసుకుంటాం.”

సత్తిరాజు పంకాకేసి చూస్తున్నాడు. దాలమ్మ చీర చెంగు వేలికి చుట్టుకుంది, విప్పింది.

“తాగినాను.”

“ఎప్పుడైనానా?”

“రోజూ. కంకర మోసి పని దిగినాక, మా ఆయనతో కూకుని ఇప్పసారా. నొప్పులొచ్చిన పొద్దు కూడా తాగినాను. తాగకూడదని అప్పుడు మాకెవుళ్లూ సెప్పనేదమ్మా.” ఆగింది. “సెప్పినాక, నానూ ఎవుళ్లకీ సెప్పనేదు.”

పదిహేడేళ్ల కిందట తాముండే ఉర్లా బస్తీలో ఆరోగ్య శిబిరం పెట్టారు. తాగే తల్లులకి పుట్టే బిడ్డలంటూ గోడకి ఒక బొమ్మ అంటించారు. అందులో బిడ్డకీ అవే చిన్న కళ్లు, అదే సన్నటి పైపెదవి, అచ్చు తన కొడుకు మొహమే. ఆ పూట నుంచి ఆమె చుక్క ముట్టలేదు. అయినా వాడు చెప్పింది మరిచిపోయినప్పుడల్లా, చేతికందిన వస్తువు పట్టుకు పోయినప్పుడల్లా కొడుతూనే వచ్చింది. తెలిసీ కొట్టింది.

ఉమారాణి అది రాసుకుంది. కుర్చీ సత్తిరాజు వైపు జరుపుకుంది. “సత్తిరాజుగారూ, మీరు పుట్టకముందే మీ మెదడుకి దెబ్బ తగిలింది. అందుకే మరిచిపోతారు. ఇక్కడ ఎన్నిసార్లయినా అడగొచ్చు, చెప్తాం.”

“పుట్టకముందే?”

“పుట్టకముందే.”

అతను తల్లి వైపు తిరిగాడు.

“అయితే నా గల్తీ కాదా అమ్మా?”

“కాదు బాబూ. తప్పు నాది.”

“మరి కొట్టినావు కదా.”

కోపంగా అనలేదు. టైమెంతయిందని అడిగినట్టు అడిగాడు. చెయ్యి చాపితే అతను మళ్లీ మొహం కప్పుకుంటాడేమోనని, దాలమ్మ ఒళ్లోంచి చెయ్యి తియ్యలేదు.

చేర్చుకోవడం పూర్తయ్యాక, నాలుగింటికి ఆ ఇంటివాళ్లు సత్తిరాజుకి స్నానం చేయించి కొత్త బట్టలిచ్చారు. వరండాలో టీ పోస్తున్నారు. అతను గ్లాసు పట్టుకుని, బెంచీ మీద అక్కడుండే ఇద్దరి మధ్య చోటు చూసుకుని కూర్చున్నాడు.

“ఆదివారం వస్తాను,” అంది దాలమ్మ.

“ఆఁ,” అన్నాడు, టీలో బిస్కట్టు ముంచుకుంటూ. ఆమె గేటు దాకా వెళ్లి తిరిగి చూసింది. అతను ఇటు చూడటం లేదు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. అతను విడిచిన చొక్కా సంచిలోంచి తీసి, మడత పెట్టబోయి ఆగింది. గుండీలు విప్పకుండా తలమీంచి లాగేసినట్టున్నాడు. పొద్దున్న అతనే పెట్టుకున్న గుండీలన్నీ ఒక్కో కాజా తప్పి, కింద ఒక అంచు వేలాడుతూ, అలాగే ఉన్నాయి.